మేళం వద్దన్నది నేనే

డీజే బాక్సులు కనపడితే చాలు, ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతది. ట్రాక్టర్ ట్రాలీల బీరువలంత నల్ల డబ్బాలు పేర్చుకొని వస్తరు. వాటి ముంగట నలుగురు చేతులు పైకి లేపి ఎగురుతరు. చంటిపిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తరు, ముసలోళ్లు చెవులు మూసుకుంటరు, కిటికీ రెక్కలు గజగజ వణుకుతయి. దాన్ని సంతోషం అంటరు. ఏడ్సినట్టే ఉంది ఆ సంతోషం. గని మా ఇంట్ల పెండ్లికి ఆ డబ్బాలను మోసుకొచ్చిందెవరని ఎవరన్నా అడిగితే నా పేరే చెప్పాలె. తెచ్చింది నేనే.

ఇది మా చెల్లె పెండ్లి ముచ్చట. రెండువేల ఏడో ఎనిమిదో, ఊర్లల్లకు సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మాది చండ్రుగొండ దగ్గర ఊరు, చర్చి పక్కన ఇల్లు. నేను కొత్తగూడెంల ఒక ప్రైవేటు దవాఖానల నర్సును. చెల్లెకు వైరా సంబంధం కుదిరింది. పిల్లగాడు మంచోడే, స్కూల్ల కంప్యూటర్ సారు. వాళ్లూ మా తీరుగనే చర్చికి పోయేటోళ్లు. పిల్లగానికి తండ్రి లేడు కాబట్టి పెత్తనమంత ఆయన మేనమామది. ఆ మేనమామ గురించి చెప్పాలంటే నాకు రెండు పూటలు సరిపోవు.

ముందుగాల మా నాయన గురించి చెప్పాలె. నాయన బ్యాండు మేళంల క్లారినెట్ వాయించేటోడు. ఎర్ర కోటు, భుజాల మీద జరీ కుచ్చులు, నెత్తి మీద టోపీ. ఆ వేషంల ముప్పై ఏండ్లు పెండ్లి ఊరేగింపుల ముంగట నడిచిండు. ఎండాకాలం పెండ్లిళ్లు, వానాకాలం కూలిపని. నన్ను నర్సింగు చదివించింది ఆ క్లారినెట్టే. గని బళ్లె నన్ను పిల్లలు పేరు పెట్టి పిలువకపోదురు. పీపీ అనేటోళ్లు. ఒకసారి మా బడి సారు పెండ్లి ఊరేగింపుల నాయన ఊదుకుంట వస్తుంటే, నేను దోస్తుల నడుమ నుంచి జారుకొని ఒక ఎడ్లబండి ఎనక దాక్కున్న. నాయన చూసిండు. పొద్దుమీకి ఇంటికొచ్చి జేబుల నుంచి లడ్డు తీసి నా చేతుల పెట్టిండు. సిగ్గుపడాల్సింది అప్పుడు. నేను లడ్డు తిని పడుకున్న.

బ్యాండోళ్లల్ల ఒక పద్ధతి ఉంటది. మామూలు రోజుల్ల ఒక ఊరి మేళానికి ఇంకో ఊరి మేళానికి పడదు. నా బేరం నువ్వు గుంజుకుంటివంటే నువ్వు గుంజుకుంటివని కొట్లాడుకుంటరు. గని ఒక బ్యాండోని ఇంట్ల పెండ్లయితే మాత్రం అశ్వారావుపేట నుంచి, వైరా నుంచి, పాల్వంచ నుంచి, భద్రాచలం దిక్కు అడివి ఊర్ల నుంచి మేళాలన్నీ కిరాయి లేకుంట వస్తయి. నాట్లకు ఒకరి మడికి ఒకరు బదులు పోయినట్టే. ఇవాళ నీ బిడ్డ పెండ్లికి నేనొచ్చి ఊదితే, రేపు నా బిడ్డ పెండ్లికి నువ్వొచ్చి ఊదాలె. దాన్ని వాళ్లు బదులు అనే అంటరు. ఆ రోజు ఇంటాయన గూడ కోటేసుకొని అందరి నడుమ నిలబడి పాట ఎత్తుకోవాలె, మిగిలినోళ్లంత అందుకోవాలె. నలభై మంది ఒక్కసారి అందుకుంటే ఎట్లుంటదో విన్నోళ్లకే ఎరుక. ఇంకొకటి ఏందంటే, బ్యాండోడు బ్యాండోని ఇంటికి గిఫ్టు తీసుకపోడు. వాయించుడే వాళ్ల కానుక. గిఫ్టు తీసుకపోయినోడు, నేను మీవోన్ని కాదు అని చెప్పినట్టు.

నాయన ఎన్ని ఊర్లకు బదులు పోయిండో లెక్కలేదు. జ్వరంల పోయిండు. కూలి పోగొట్టుకొని పోయిండు. ఒకసారి వాగు పొంగి బస్సులు ఆగిపోతే, క్లారినెట్‌కు ప్లాస్టిక్ కవరు చుట్టి నెత్తి మీద పెట్టుకొని వాగు దాటిండు. అమ్మ గులిగేది. "మనకూ ఇద్దరు ఆడపిల్లలున్నరు కదనే" అనేటోడు నాయన. ఆ ఇద్దర్ల పెద్దదాన్ని నేను. మరి నేనేం చేసిన? నచ్చినోనితోని ఖమ్మం రిజిస్టర్ ఆఫీసుకు పోయి సంతకాలు పెట్టొచ్చిన. సంతకాల పెండ్లికి మేళమేంది? నాయనకు మిగిలింది ఇగ చెల్లె పెండ్లి ఒక్కటే. ఏడాది ముందు నుంచే ఏ ఊరోళ్లు ఎంతమంది వస్తరో, ఎవరిని ఎక్కడ నిలబెట్టాలెనో చెప్పుకుంట తిరిగేటోడు. పెద్ద డ్రమ్ము కొట్టే ఆయన అడివి పక్క గూడెం నుంచి రావాలె, ఆయనకు ముందురోజే కబురు పోవాలె అని అమ్మకు పదిసార్లు చెప్పిండు.

మేనమామ ఒక ఆదివారం ఆరాధన అయినంక నలుగురిని వెంటేసుకొని మా ఇంటికి వచ్చిండు. వైరాల సొసైటీ ఆఫీసుల గుమాస్తా కొలువు ఆయనది. కూర్చున్న తీరు చూస్తే కలెక్టరు అనుకోవాలె. జేబుకు మూడు పెన్నులు, నోటి నిండ స్టాండర్డు అన్న మాట. భోజనాలు స్టాండర్డుగ ఉండాలె, స్టేజీ స్టాండర్డుగ ఉండాలె, ఆఖరికి మంచినీళ్ల గిలాసలు గూడ స్టాండర్డుగ ఉండాలె. మా ఇంట్ల చాయ్ మాత్రం రెండుసార్లు అడిగి తాగిండు. దానికి ఏ స్టాండర్డు అడ్డం రాలే.

రిసెప్షన్‌కు మ్యూజిక్ సంగతి ఆయనే తీసిండు. లైవ్ మ్యూజిక్ పెడదామా, డీజే పెడదామా అని మమ్మల్ని అడిగినట్టు అడిగి, జవాబు తనే చెప్పుకుంట పోతున్నడు. వాళ్ల బంధువుల పెండ్లిల ఆర్కెస్ట్రా పెట్టిండ్రట, పాడే ఆమెకు గొంతు పోయిందట, పరువు పోయిందట. అప్పటిదాక గుమ్మం కాడ నిలబడి ఉన్న నాయన ముందుకొచ్చిండు. లైవే కావాలంటే మావోళ్లున్నరు, నలభై మంది దాక వస్తరు, ఒక్క పైస ఖర్చు లేదు అని చెప్పిండు. చెప్పేటప్పుడు ఆయన మొఖం ఎట్ల వెలిగిపోయిందో నాకు యాదికుంది. మేనమామ నవ్విండు. పక్కోళ్ల మొఖాలు చూసి మరీ నవ్విండు.

"లైవంటే అది కాదు బావగారూ. పెళ్లికూతురు తండ్రి సూటు వేసుకుని స్టేజీ మీద నిలబడతాడు గాని, ఎర్ర కోటేసుకుని కింద నిలబడి ఊదుతాడా? వీడియోలో ఎట్లా ఉంటదో మీరే చెప్పండి."

నాయన పావుగంట వాయిస్తే చాలన్నడు. కోటు గూడ వేసుకోనన్నడు. ముప్పై ఏండ్లు ఏ దొర ముంగటా బతిమాలని మనిషి, మూడు పెన్నుల గుమాస్తా ముంగట బతిమాలిండు. అందరూ నా దిక్కు చూసిండ్రు, నా పెండ్లయినంక గూడ ఆ ఇంట్లకు నెల జీతం తెచ్చేది నేనే కాబట్టి. నాకు ఆ టైముల బడి యాదికొచ్చింది. పీపీ యాదికొచ్చింది. నాతోని పనిచేసే నర్సులు, డాక్టరమ్మ రిసెప్షన్‌కు వస్తరు, వాళ్ల ముంగట ఎర్ర కోట్లు వరుసగ నిలబడి ఉంటయి, అండ్ల మా నాయన బుగ్గలు పొంగిచ్చి ఊదుకుంట ఉంటడు.

"డీజేనే పెడదాం నాయనా" అన్న.

ఆ మేనమామను తిట్టుడు నాకు సులువు పని, ఆయన బయటోడు. ఆయనకు మా నాయన క్లారినెట్ ఎట్ల వాయిస్తడో తెల్వదు. నాకు తెలుసు. పండుగ తెల్లారిజామున చర్చిల నాయన వాయిస్తుంటే పాడేటోళ్లు పాట ఆపి వినుడు నేను చూసిన. తెలిసి గూడ ఆ మాటన్న మనిషిని ఏమనాలె? థూ అనాలె.

నాయన అవ్ అన్నడు. పిల్లల ఇష్టమే కదా అనుకుంట, బయట పనేం లేకున్నా పోయి వాకిట్ల నిలబడ్డడు. వాళ్లు పోయినంక చెల్లె నా దగ్గరికొచ్చింది. "నీ పెండ్లికి నాయనను పిలువనే లేదు, నా పెండ్లికి పక్కకు జరిపినవ్. నన్నొక మాట అడగకపోతివి అక్కా" అన్నది. పెండ్లిపిల్లకు ఏం తెలుస్తదిలే అని ఆమె నోరు గూడ మూయించిన. అప్పుడు నాకు నోరు ఉంటుండె, బుద్ధి లేకుండె.

డీజే మాట్లాడుకునేందుకు ఖమ్మం పోయిన. మా పాస్టరుగారు ఒక షరతు పెట్టిండు, రిసెప్షన్ల సినిమా పాటలు వినపడొద్దు, దేవుని పాటలే పెట్టాలె అని. ఆ మాటనే డీజే పిల్లగానికి చెప్పిన. వాడు చీకటి కొట్టం లాంటి దుకాణంల నల్ల అద్దాలు పెట్టుకొని కూర్చున్నడు. నెత్తికి రాసుకున్న జెల్లు చెంపల మీదికి కారుతున్నది. "దేవుని పాటలు ఫుల్ బేసుల ఉన్నయి మేడం, హాలు అదిరిపోతది" అన్నడు. ఒక సీడీ తీసి అర నిమిషం వినిపిచ్చిండు. దేవుని పేరు వినపడ్డది, చాలనుకున్న. కూరగాయలు కొనేటప్పుడు వంకాయ వంకాయ తిప్పి చూసేదాన్ని, ఆ సీడీల ఇంకా ఏమున్నయని అడగలే.

ఇగ బ్యాండోళ్లకు కబురు చెప్పాలె. నాయన పోతనన్నడు. పొద్దున చెప్పులు వేసుకొని అరుగు మీద కూర్చున్నడు. రెండు బస్సులు పోయినయి, లేవలే. నాకు కోపమొచ్చి నేనే పోయిన. చుట్టుపక్కల మేళాలన్నిటికీ పెద్దదిక్కు అశ్వారావుపేటల ఉంటడు. ట్రంపెట్ మాస్టర్. సుట్టరికం ఏం లేదు గని మా నాయన ఆయనను అన్నా అంటడు, నేను మామా అనేదాన్ని. పెండ్లిళ్లు లేనప్పుడు పామాయిల్ తోటల గెలలు కోసే పనికి పోతడు. నేను పోయేసరికి ఆయన ఇంటి ముంగట దండెం మీద ఎర్ర కోట్లు ఉతికి ఆరేసి ఉన్నయి. మా పెండ్లికే అని నాకు చెప్పకుండనే తెలిసిపోయింది. గని మొఖం గట్టిచేసుకొని లోపలికి పోయిన.

పెండ్లికొడుకు వాళ్లు డీజే పెడతరట, అందుకని ఈసారికి మేళం వద్దనుకుంటున్నం అని చెప్పిన. నేరం మొత్తం వాళ్ల మీదికి తోసేసిన, అది గూడ చెప్పుకోవాలె. "మీరంతా భోజనాలకు మాత్రం తప్పకుండ రావాలె మామా" అన్న. ఎంత గొప్పగ అన్ననో. వాళ్లకేదో మేలు చేస్తున్నట్టు. ఆయన, మీ నాయనకు పానం బాగలేదా, ఆయన రాలేదేం అని అడిగిండు. బాగనే ఉన్నడు, ఒప్పుకున్నడు అని చెప్పిన. వస్తం బిడ్డా, పిలిచినంక రాకుంట ఉంటమా అన్నడు. నేను బస్సెక్కేటప్పుడు ఎనకకు తిరిగి చూస్తే, ఆయన భార్య దండెం మీద కోట్లు తీసి మడతపెడుతున్నది.

పెండ్లి మే నెలల. చర్చిల పెండ్లయినంక, పగటిపూటనే వైరాల ఫంక్షన్ హాల్ల రిసెప్షన్. బయట రోడ్డు మీద తారు కరుగుతున్నది. హాల్ల ఫ్యాన్లు వేడి గాలి కొడుతున్నయి. పెండ్లికొడుకు, పిల్ల స్టేజీ ఎక్కి కూర్చున్నరు. డీజే మొదలుపెట్టిండు. మొదటి పాట చెవుల పడ్డది. చలిరాత్రి, గొల్లలు, చుక్క, పశువుల పాక. వాని దగ్గరున్న ఒకే ఒక్క దేవుని సీడీ క్రిస్మస్ సీడీ. దానికి డబుల్ బేసు తగిలిచ్చి, నడి మే నెలల, చెమటలు కారుతున్న మూడొందల మంది నెత్తిన బాలయేసును పుట్టిచ్చిండు. ఒక్కసారి గాదు. సీడీ అయిపోంగనే మళ్ల మొదటికి తిప్పిండు.

ముసలోళ్లు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నరు. పాస్టరుగారు కళ్లు మూసుకొని కూర్చున్నడు, ప్రార్థన చేస్తున్నడో తలనొప్పి వచ్చిందో తెల్వదు. నేను ఉరికిపోయి డీజే పిల్లగాన్ని వేరేవి పెట్టమంటే, దేవునియే కదా మేడం మీరడిగింది అన్నడు. వాని తప్పేముంది? కడుపు మండింది గని వాని తప్పేం లేదు. మేనమామకు మాత్రం చీమ కుట్టినట్టు గూడ లేదు. కండువ నడుముకు కట్టుకొని పశువుల పాక పాటకు స్టేజీ ముంగట చిందులేసిండు. మూడు పెన్నులు జేబుల ఎగిరెగిరి పడుతున్నయి. ఇదీ స్టాండర్డు. నాతోని పనిచేసే నర్సులు నోటికి చెంగు అడ్డం పెట్టుకొని నవ్విండ్రు. ఎవరి ముంగట పరువు పోతదని నాయనను వద్దన్ననో, వాళ్ల ముంగటనే నా పరువు నిలువునా పోయింది. మంచిగైంది నాకు.

గని అసలు దెబ్బ అది గాదు. భోజనాల టైముకు గేటు కాడ ఒక గుంపు నిలబడ్డది. నేను గుర్తుపట్టలే. తెల్ల అంగీలు, నూనె పెట్టి దువ్విన నెత్తులు. ఎర్ర కోట్లు లేకుంట వాళ్లందరిని ఒక్క కాడ నేనెన్నడు చూడలే కదా. ట్రంపెట్ మామ ముంగట ఉన్నడు, అడివి గూడెం డ్రమ్ము ఆయన ఆఖరున ఉన్నడు. దగ్గరికొచ్చినంక చూసిన. ఒక్కొక్కరి చేతుల మెరుపు కాగితం చుట్టిన డబ్బా ఉన్నది.

నాయన స్టేజీ మీద కిరాయి సూటుల నిలబడి ఉన్నడు. వాళ్లను చూడంగనే మొఖం విప్పారింది, రెండడుగులు ముంగటికేసిండు. తర్వాత చేతుల దిక్కు చూసిండు. అక్కడికక్కడ ఆగిపోయిండు. వాళ్లు మిగిలిన సుట్టాల తీరుగనే లైన్ల నిలబడి, ఒక్కొక్కరే స్టేజీ ఎక్కిండ్రు. ట్రంపెట్ మామ డబ్బా అందిస్తుంటే పాటకు పాటకు నడుమ కొంచెం సందు దొరికింది. నేను పక్కనే ఉన్న.

"నువ్వు గూడ గిఫ్టు తెచ్చినవా అన్నా?" అన్నడు నాయన.

"డీజే పెట్టినోళ్ల ఇంటికి ఉత్త చేతులతోని ఎట్లొస్తం తమ్మీ" అన్నడు ఆయన.

కోపంగ అనలే. ఎగతాళిగ అనలే. నాయన రెండు చేతులు చాపి ఆ డబ్బా తీసుకున్నడు. తర్వాత ఇంకొకటి, ఇంకొకటి. ఎనకనుంచి బేసు గుద్దుతనే ఉన్నది. వాళ్లు బంతిల కూర్చొని తిన్నరు, బిర్యాని మంచిగుందని అమ్మకు చెప్పిండ్రు, పోయిండ్రు. గిఫ్టులు విప్పితే అన్నీ గోడ గడియారాలు, స్టీలు డబ్బాలు. చెల్లె వాటిని ముట్టుకోనన్నది. ఇప్పటికీ మా అటక మీదనే ఉన్నయి.

ఆ తర్వాత నాయనతోని ఎవరూ కొట్లాట పెట్టుకోలే. ఎదురుపడితే మాట్లాడేటోళ్లు, చాయ్ తాగిపిచ్చేటోళ్లు. బదులుకు మాత్రం పిలుచుడు బందైంది. అంతకు ముందు బ్యాండోళ్ల ఇంట్ల పెండ్లంటే మనిషే వచ్చేటోడు, ఫలానా రోజు కోటు ఉతికి పెట్టుకో అని చెప్పి పోయేటోడు, అంతే పిలుపు. రెండేండ్లకు ట్రంపెట్ మామ చిన్నకొడుకు పెండ్లి కుదిరింది. మా ఇంటికి పోస్టుల కార్డు వచ్చింది. మీద నాయన పేరు ముంగట శ్రీ అని గూడ రాసి ఉన్నది. నాయన ఆ కార్డును అటు తిప్పి ఇటు తిప్పి చూసి, గిఫ్టు ఏం కొనాలె బిడ్డా, నాకు తెల్వదు, నేనెప్పుడు కొనలే అన్నడు. కొత్తగూడెంల దుకాణానికి తోలుకపోతే అరగంట నిలబడి, ఆఖరికి నువ్వే చూడు అన్నడు. నేను ఆరు గిలాసల సెట్టు కొన్న.

పెండ్లికి ఇద్దరం పోయినం. అశ్వారావుపేటల టెంటు కింద మేళాలన్నీ వచ్చి ఉన్నయి. నలభై ఎర్ర కోట్లు. ట్రంపెట్ మామ నడుమ నిలబడి పాట ఎత్తుకున్నడు. అందరూ ఒక్కసారి అందుకున్నరు. ఇన్నేండ్లు ఇది పీపీ అనుకున్న. నాయన తెల్ల అంగీల, గిలాసల డబ్బా చంకల పెట్టుకొని, సుట్టాల లైన్ల నిలబడ్డడు. స్టేజీ ఎక్కి, డబ్బా ఇచ్చి, వీడియో ఆయన చూడుమన్న దిక్కు చూసిండు. కింద వాయించేటోళ్లల్ల ఇద్దరు ముగ్గురు ఆయన దిక్కు చూసిండ్రు. వాయించుడు ఆపలే, ఆపుడు పద్ధతి గాదు. నాయన దిగి, భోజనం చేసి, మేళానికి ఎదురుంగ ఒక కుర్చీల కూర్చున్నడు. ఆఖరు పాట దాక కదలలే. పోదామా నాయనా అంటే, ఇంకొక్కటి విందాం అన్నడు.

బస్టాండుల ఎండ మండిపోతున్నది. నాయన చెమట తుడుచుకుందామని జేబుల నుంచి దస్తీ తీసిండు. దాంతోని ఒక చిన్న డబ్బీ కింద పడి మూత ఊడింది. నేను వంగి తీసిన. అండ్ల క్లారినెట్ రీడు ఉన్నది, ఊదేటప్పుడు పెదవుల నడుమ పెట్టుకునే సన్న బద్ద. క్లారినెట్ అయితే పక్కోనిది ఒక పాటకు అడిగి తీసుకోవచ్చు, ఆ బద్ద మాత్రం నోటిది, ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలె. మధ్యాహ్నం దాక అది ఆయన జేబులనే ఉన్నది.

"ఇదెందుకు తెచ్చినవ్ నాయనా" అన్న.

నాయన డబ్బీ తీసుకొని మూత పెట్టి జేబుల వేసుకున్నడు.

"ఎవరన్నా రమ్మంటరేమో అనుకున్న బిడ్డా" అన్నడు.